ఏరుకోవడం అన్వేషణ కాదు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో పురావస్తు పరిశోధన, చట్టం

తెలుగు పరిశోధనలో క్షేత్రపర్యటనకు గౌరవం పెరిగింది. స్థలనామాల మీద, కైఫీయతుల మీద, వీరగాథల మీద పనిచేసే విద్యార్థి నేడు గ్రంథాలయం గడప దాటి ఊళ్ళ పొలిమేరలకు వెళుతున్నాడు. ఇది హర్షించదగిన పరిణామం. దానితోపాటు ఒక దురలవాటు కూడా పెరుగుతున్నది. కొత్త ప్రాంతానికి వెళ్ళినప్పుడు కంటబడిన రాతి పనిముట్టునో, పూసనో, నాణేన్నో, బొమ్మ చెక్కిన చిన్న రాతినో సంచిలో వేసుకొని తెచ్చుకోవడం, దానికి 'సేకరణ' అనే మర్యాదైన పేరు పెట్టడం ఆ అలవాటు. ఎవరైనా ప్రశ్నిస్తే సమాధానం సిద్ధంగా ఉంటుంది: 'నేను తీసుకురాకపోతే అది కంకర మిల్లు పాలయ్యేది.'

ఈ సమర్థనను అంగీకరించరాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. పురావస్తువును వెతికే హక్కు, చూసే హక్కు, చూసినదాన్ని రాసే హక్కు ప్రతి పౌరునికీ ఉండాలి. దానిని ఉన్నచోటి నుండి కదిలించి సొంతం చేసుకొనే హక్కు పరిశోధకునితో సహా ఎవరికీ ఉండరాదు. చట్టం సారాంశమూ, శాస్త్రం సారాంశమూ ఇదే. ఈ రెండింటి మధ్య విరోధం ఉన్నట్లు మాట్లాడేవారు రెండింటినీ సరిగా చదవలేదు. చర్చకు ఆధారంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమను తీసుకుంటున్నాను.

ఈ సీమ ప్రత్యేకత

మూడు రాష్ట్రాలు, మూడు భాషలు కలిసే మెట్టనేల ఇది. పరిపాలనాపరంగా దీని చిరునామా పలుమార్లు మారింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుండి వచ్చి చేరింది. పలమనేరు వంటి తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చాయి. పుంగనూరు, కంగుంది జమీందారీ సీమలు. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయాయి. పాత శాసన నివేదికలలో ఒక చిరునామా, గెజిటీరులో మరొకటి, నేటి రెవెన్యూ రికార్డులో ఇంకొకటి కనిపించడానికి కారణం ఇదే. ఇటువంటి చోట ఒక రాయి కదిలితే దాని పాత చిరునామాను తిరిగి పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ నేల మీద కనిపించే ప్రాచీన సామగ్రిని స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది రాతి పనిముట్లు. బాణపు ములికి అనగానే అమెరికా పుస్తకాలలో కనిపించే, ఒకే రాతిని రెండువైపులా చెక్కిన త్రికోణపు మొన మనసులో మెదులుతుంది. దక్షిణ భారతంలో ఎక్కువగా ఎదురయ్యేవి అటువంటివి కావు. స్ఫటికశిల వంటి రాళ్ళ నుండి తీసిన గోరంతేసి పెచ్చులను కర్రకో ఎముకకో వరుసగా బిగించి ఆయుధం చేసేవారు. వీటినే సూక్ష్మ శిలాపరికరాలు అంటున్నాము. ఒక పెచ్చును విడిగా చేతిలోకి తీసుకుంటే అది దాదాపు ఏమీ చెప్పదు. పనికివచ్చిన పెచ్చు, పారవేసిన తునక, పెచ్చులు తీయగా మిగిలిన మూలరాయి ఒకదానికొకటి ఎంత దూరంలో పడి ఉన్నాయన్నదే అసలు సాక్ష్యం. అందంగా ఉన్న నాలుగింటిని ఏరుకొన్నవాడు మిగిలిన నాలుగువందలనూ మూగవి చేసిపోతాడు.

రెండవది బృహత్‌శిలా సమాధులు. మదనపల్లె ప్రాంతంలోని మల్లయ్యగారిపల్లె గుట్టల మీది రాతిగూళ్ళను జనం 'పాండవుల గుళ్ళు' అంటారు. ఇదే కోవకు చెందిన సమాధులను ఉత్తర ఆర్కాటు సీమలో చూసి కెప్టెన్ న్యూబోల్డ్ రాసిన వ్యాసం 19వ శతాబ్ది మధ్యకాలంలోనే లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. క్రీస్తుపూర్వపు ఇనుపయుగానికి చెందిన ఈ సమాధుల బండలు ఈనాటి అవసరాలకు సులభంగా దొరికే రాయిగా మారడం, గుప్తనిధుల ఆశతో వాటి అడుగులు తవ్వడం పత్రికలలో తరచు చదువుతున్నదే.

మూడవది వీరగల్లులు, శాసనాలు. మదనపల్లె దగ్గరి చిప్పిలి రేనాటి చోళుల, వైదుంబుల శాసనాలతో ముడిపడిన ఊరు. ఈ సీమ వీరగల్లులలో వైదుంబులు, బాణులు, నొలంబులు, గంగులు పరస్పరం చేసిన పోరాటాలు, వాటిలో నేలకొరిగిన సామాన్య భటుల పేర్లు కనిపిస్తాయి. వైదుంబ గండత్రినేత్రుని కాలపు సోరెమడి యుద్ధాన్ని మనం తెలుసుకొన్నది ఏ కావ్యం ద్వారానో కాదు, ఇటువంటి రాళ్ళ ద్వారానే. తెలుగు వాక్యం తొలి రూపాలను అధ్యయనం చేసేవారికి రేనాటి శాసనాల తరువాత ఈ వీరగల్లులే ఆధారం. ఊరి పొలిమేరలో నిలిచిన వీరగల్లు ఆ పొలిమేరను గురించి కూడా సాక్ష్యం చెబుతుంది. దానిని తెచ్చి ఒక కళాశాల వరండాలో నిలబెడితే అక్షరాలు మిగులుతాయి, పొలిమేర పోతుంది.

చట్టం చెప్పేది

పురావస్తు చట్టాలు పరిశోధకుని చేతులు కట్టివేస్తున్నాయన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. చట్టాలను వరుసగా చూస్తే ఆ ఫిర్యాదు నిలవదు.

1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయలకు మించిన విలువగల దేనినైనా కనుగొన్నవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తెలియజేతలో మూడు అంశాలు ఉండాలి: దొరికినదాని స్వభావం, పరిమాణం లేదా విలువ, దొరికిన చోటు, దొరికిన తేదీ. నిక్షేపానికి యజమాని లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మూడువంతులు కనుగొన్నవానికి, ఒకవంతు స్థలం హక్కుదారుకు చెందుతాయని కూడా ఆ చట్టమే చెబుతుంది. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే విలువకు మరో అయిదోవంతు కలిపి చెల్లించాలి. దాచినవానికి మాత్రం వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంది. ఆదాయం మీద దృష్టితో వలస ప్రభుత్వం చేసిన చట్టం కూడా చోటు, తేదీ అడిగింది. నేటి పరిశోధన వ్యాసాలలో కొన్ని 'ఇటీవల పుంగనూరు ప్రాంతంలో లభించిన' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకొంటున్నాయి. కలెక్టరు కచేరీ అడిగినంత కూడా మన పత్రికలు అడగకపోవడం విచారకరం.

1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడాలను, స్థలాలను కాపాడుతుంది. అనుమతి లేని తవ్వకాలను నిషేధిస్తుంది. రాష్ట్ర రక్షణలోని స్థలాలకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది. 1972లో చేయగా 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చిన పురావస్తువులు, కళానిధుల చట్టం నూరేళ్ళకు తక్కువ కాని చారిత్రక వస్తువులను పురావస్తువులుగా నిర్వచించింది. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువగల రాతప్రతులు మొదలైనవాటికి డెబ్బై అయిదేళ్ళు చాలు. ఆ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయరాదు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించరాదు. రాతి శిల్పాల వంటి కొన్ని వర్గాల వస్తువులు చేతిలో ఉన్నవారు వాటిని నమోదు చేయించాలి. రిజర్వు అడవిలోగాని, పలమనేరు, కుప్పం అడవులలో విస్తరించిన కౌండిన్య అభయారణ్యంలోగాని అడుగుపెట్టాలంటే అటవీశాఖ నియమాలు కూడా వర్తిస్తాయి.

ఈ చట్టాలలో ఎక్కడా ఊరి దారిన నడవడం, రైతు అనుమతితో అతని చేను గట్టు మీద నిలబడి చూడడం, ఫొటో తీయడం, కొలవడం, పెద్దల నోట విన్నది రాసుకోవడం నేరమని లేదు. తవ్వడం, చెరపడం, దాచడం, అమ్మడం, దేశం దాటించడం దగ్గరే చట్టం అడ్డుపడుతుంది. పరిశోధనకు కావలసినది మొదటి జాబితాలో ఉంది. రెండవ జాబితాతో పనిబడేది వ్యాపారికి.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి పూర్వపక్షం: నేల మీద పడి ఉన్న రాతి పెచ్చు 'నేలలో దాగిన నిక్షేపం' కాదు, కనుక దానిని తీసుకోవడం చట్టవిరుద్ధం కాదు. అమెరికాలో సొంత భూమిలో, లేదా యజమాని అనుమతితో, బాణపు మొనలు ఏరుకోవడం ఒక వినోదం కదా అని కూడా అంటారు.

సమాధానం: అమెరికాలో కూడా సమాఖ్య ప్రభుత్వ భూములలో పురావస్తువులను అనుమతి లేకుండా తీయడాన్ని 1979 నాటి చట్టం నేరం చేసింది. ఇంగ్లండులో 1996 నాటి నిక్షేప చట్టంతోపాటు, పౌరులు తమకు దొరికిన వస్తువులను స్థలవివరాలతో స్వచ్ఛందంగా నమోదు చేయించే పథకం 1997లో మొదలైంది. ఆ రెండు దేశాల అనుభవం చెప్పేది ఒకటే: స్థలం నమోదు కాని వస్తువు అలంకారంగా మిగులుతుంది, ఆధారంగా పనికిరాదు. చట్టపు మాటలలో సందు ఉన్నదని రుజువు చేసినా, శాస్త్రంలో ఆ సందు లేదు. న్యాయస్థానంలో గెలిచే వాదం పరిశోధన సదస్సులో గెలవకపోవచ్చు.

దీనికి చిత్తూరు జిల్లాయే మంచి ఉదాహరణనిచ్చింది. భారతదేశంలో ఉత్తర ప్రాచీన శిలాయుగం ఉన్నదా లేదా అని సందేహాలు సాగుతున్న 1960 దశకంలో ఎం. ఎల్. కె. మూర్తి రేణిగుంట పరిసరాలలోని రాతి బ్లేడు పరికరాలను పరిశీలించి ప్రచురించిన వ్యాసం ఆ చర్చను ముందుకు తీసుకుపోయింది. ఆయన చూసిన రాళ్ళు అంతకుముందూ అక్కడే ఉన్నాయి. వాటి పక్కగా ఎందరో నడిచిపోయి ఉంటారు. రాళ్ళ సమూహాన్ని సమూహంగా, నేలపొరతో కలిపి చదవడమే ఆ పరిశోధన బలం. అంతకుముందే ఏ ఉత్సాహవంతుడో వచ్చి నున్నని బ్లేడులన్నీ ఏరుకుపోయి ఉంటే, మిగిలిన తుక్కును చూసి మూర్తిగారు ఏమి చెప్పగలిగేవారు?

రెండవ పూర్వపక్షం: కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు, ఎక్కడపడితే అక్కడ యంత్రాలతో పొలాల చదును, కొత్త రోడ్లు. ఈ వేగం ముందు స్థలవివేచన విలాసం. కాపాడదగినదాన్ని కాపాడి తెచ్చుకోవడమే వివేకం. పైగా మద్రాసు మ్యూజియంలో ఉన్న బ్రూస్ ఫుట్ సేకరణ కూడా ఏరి తెచ్చినదే కదా.

సమాధానం: ఈ వాదంలో బలముంది. యంత్రం ముందు నిలబడిన రాతిని గురించి మాట్లాడేటప్పుడు సిద్ధాంతాలు వల్లించడం సులభం కాదు. అయితే ఈ వాదం చేసేవారి సంచులు చూడండి. క్వారీ అంచున ఉన్నవి మాత్రమే వాటిలో ఉంటాయా? చేతిలో ఇమిడేవి, అందంగా ఉండేవి, మోయగలిగినవి మాత్రమే ఎందుకుంటాయి? సమాధి బండ బరువైనది కనుక దానిని ఎవరూ 'కాపాడి' తెచ్చుకోలేదు. నిజంగా ఆపదలో ఉన్నది ఆ బండే. ఆపద్ధర్మం అనేదానికి ఒక విధి ఉంది: కదిలించక తప్పనప్పుడు ముందుగా ఫొటో, కొలత, సాక్షుల సంతకం, వెంటనే తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకమైన తెలియజేత, వస్తువు చేరవలసిన చోటు ప్రభుత్వ మ్యూజియం. ఇంటి అలమర ఈ వరుసలో ఎక్కడా లేదు.

ఇక ఫుట్ మాట. 1863 మే 30న పల్లావరంలో దొరికిన రాతి పనిముట్టుతో భారతీయ ప్రాక్చరిత్ర అధ్యయనాన్ని మలుపు తిప్పిన భూగర్భశాస్త్రవేత్త ఆయన. ఆయన సేకరణకు ఇప్పటికీ విలువ ఉండడానికి కారణం వస్తువులకు జతగా స్థలాల పట్టిక ఉండడం. ఫుట్‌ను ఆదర్శంగా చెప్పుకొనేవారు ఆయన సంచిని అనుకరిస్తున్నారు, పట్టికను వదిలివేస్తున్నారు. ఫుట్ కాలంలో ఈ చట్టాలలో చాలా భాగం లేవనీ, ఆయన సేకరణ చివరకు ఒక ప్రజాసంస్థకే చేరిందనీ కూడా గుర్తుంచుకోవాలి.

మూడవ పూర్వపక్షం: స్థలాన్ని ఖచ్చితంగా ప్రచురిస్తే గుప్తనిధుల వేటగాళ్ళకు దారి చూపినట్లవుతుంది. కనుక చోటు చెప్పకపోవడమే క్షేమం.

సమాధానం: మూడింటిలో అత్యంత గంభీరమైన ఆక్షేపణ ఇది. వీరగల్లు కింద లంకెబిందెలున్నాయన్న నమ్మకం ఎన్నో రాళ్ళను పెళ్ళగించింది. అయితే చోటును ప్రచురించకపోవడం వేరు, నమోదు చేయకపోవడం వేరు. పూర్తి స్థలవివరాలు పురావస్తు శాఖకు, విశ్వవిద్యాలయ భద్రపత్రానికి చేరాలి. వ్యాసంలో ఊరి పేరు వరకు ఇస్తే చాలు. వ్యాసాన్ని పరిశీలించే పండితులకు మాత్రం ఆ భద్రపత్రం అందుబాటులో ఉండాలి. రహస్యం పేరుతో ఎవరికీ ఏమీ చెప్పని పరిశోధకుని మాటకూ, వస్తువును ఎక్కడో కొని 'దొరికింది' అనే వ్యాపారి మాటకూ తేడా తెలుసుకొనే మార్గం చదువరికి ఉండదు.

తెలుగు శాఖల పని

ఇదంతా పురావస్తు శాఖ చూసుకోవలసినది, తెలుగు శాఖకు సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం మాటలో ఉంది. పురావస్తు స్థలాలకు మొదటి సూచన చాలాసార్లు జనం నోటనే దొరుకుతుంది. 'పాటిమిట్ట', 'పాటిదిబ్బ' అన్న పేరు వినగానే అక్కడ ఒకప్పుడు ఊరుండేదని క్షేత్రపరిశోధకుడు చెవి నిక్కిస్తాడు. 'పాండవుల గుళ్ళు' అన్న పేరు కింద ఇనుపయుగపు సమాధి ఉండవచ్చు. ఇటువంటి సమాధులకే తమిళంలో 'పాండుకుళి' అన్న మాట ఉంది. కుళి అంటే గొయ్యి. ఇటు 'గుళ్ళు', అటు 'కుళి' ఎదురుబొదురుగా నిలిచే సరిహద్దు సీమలో మాట ఏ వైపు నుండి ఏ వైపుకు నడిచిందో పరిశీలించవలసినవారు భాషాధ్యయనం చేసేవారే. దక్షిణాదిలో నవీన శిలాయుగపు నున్నని రాతిగొడ్డళ్ళను చెట్టు కింద దేవుళ్ళుగా నిలిపిన ఉదాహరణలున్నాయి. ఆ గొడ్డలిని తీసుకుపోయినవాడు ఒక రాతితోపాటు ఒక నమ్మకాన్ని, దానిని చెప్పే కథనూ ఊరి నుండి పెకలించినట్లే. జానపద విజ్ఞానం పేరుతో ఆ కథను, చరిత్ర పేరుతో ఆ రాతిని విడివిడిగా తరలించడం ఒక అపహరణను రెండుసార్లు చేయడమే.

అందువలన నాలుగు ప్రతిపాదనలు చేస్తున్నాను.

ఒకటి, క్షేత్రపరిశోధనకు వెళ్ళే ప్రతి విద్యార్థి ఒక స్థలపత్రం నింపాలి. ఊరి నేటి పేరు, పాత రికార్డులలోని పేరు, పాత తాలూకా, నేటి మండలం; జనం ఆ చోటును పిలిచే పేరు వారి ఉచ్చారణలోనే; భూమి హక్కుదారు అనుమతి; అక్షాంశ రేఖాంశాలు; తేదీ; కొలబద్దతో కూడిన ఫొటోలు; స్థలానికి ఉన్న ఆపద. కుప్పం వంటి చోట తెలుగు పేరుతోపాటు తమిళ, కన్నడ పేర్లు కూడా రాయాలి.

రెండు, వస్తువు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి అనుమతితో చూశారో చెప్పని వ్యాసాన్ని పరిశోధన పత్రికలు స్వీకరించరాదు. రచయిత సొంత అలమరలోని వస్తువు మీద రాసిన వ్యాసానికి, దాని నమోదు వివరాలు లేనిదే పరిశీలన కూడా అక్కరలేదు. పేరు అచ్చులో కనబడదని తెలిస్తే ఏరుకొనే ఉత్సాహం సగం తగ్గుతుంది.

మూడు, శాసనం మీద నూనె పూయడం, సుద్దముక్కతో దిద్దడం, వైరుబ్రష్షుతో రుద్దడం ఆపాలి. పక్కనుండి పడే వెలుతురులో తీసిన ఫొటో అక్షరాన్ని చాలావరకు పట్టిస్తుంది. కాగితపు నకలు కావలసినప్పుడు శిక్షణ ఉన్నవారి చేత తీయించాలి. రక్షిత స్థలమైతే ముందుగా అనుమతి పొందాలి.

నాలుగు, ఈ సీమ స్థలపత్రాలను ఒకచోట భద్రపరచాలి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ పనికి సహజమైన కేంద్రం. మూడు భాషల సరిహద్దులో, ద్రావిడ భాషల సమగ్ర అధ్యయనం కోసం వెలసిన సంస్థకు ఇంతకంటే దగ్గరి పని వేరే ఏముంటుంది?

ముగింపు

పురావస్తు శాఖ సిబ్బంది ప్రతి గుట్టనూ కాపలా కాయలేరు. గొర్రెలకాపరి, చేనులో దుక్కిదున్నే రైతు, పల్లెబడి ఉపాధ్యాయుడు, సిద్ధాంతవ్యాసం కోసం వచ్చిన విద్యార్థి మాత్రమే ఆ గుట్టలను నిత్యం చూస్తారు. వారి చూపును చట్టం పేరుతో భయపెట్టి ఆపితే నష్టం. పరిశోధకుడే సంచితో వచ్చి ఏరుకుపోతుంటే అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే విలువ ఉన్నది సంచిలో వేసుకోవడానికేనని ఊరివారు అతని దగ్గరే నేర్చుకొంటారు. రేపు గుప్తనిధుల కోసం గునపంతో వచ్చేవానికి ఆ పాఠమే అక్కరకు వస్తుంది. రాతిని అక్కడే ఉంచి, దాని పేరు, చోటు, కథ రాసుకొని తిరిగివచ్చిన పరిశోధకుడు ఊరికి వేరొక పాఠం చెబుతాడు. ఇంతకాలం గొడ్లను కట్టివేసిన రాయి తమ ఊరి తొలి తెలుగు వాక్యమని తెలిసిన రైతు దానిని కంకరకు అమ్మే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. మన శాఖల నుండి బయలుదేరే విద్యార్థులు ఈ రెండు పాఠాలలో దేనిని ఊళ్ళకు మోసుకుపోవాలో నిర్ణయించవలసినవారు వారి పర్యవేక్షకులు, వారి వ్యాసాలను అచ్చువేసే పత్రికలు.